ఎంగిలిపూల రాత్రి, ఖానాపూర్ కిరాణంలో

ఖానాపూర్ బస్టాండులో మీరు దిగేసరికి పొద్దు గూకుతోంది. 2025 సెప్టెంబర్ 21, ఆదివారం, పెత్రమాస. రోడ్డు పక్కన తంగేడు పూల మోపులు ఇంకా అమ్ముతున్నారు. గునుగు పూలకు రంగు అద్దిన చేతులు ఎర్రగా, నీలంగా ఉన్నాయి. తాంబాళాల్లో బతుకమ్మలు పేర్చుకుని ఆడవాళ్లు గుంపులు గుంపులుగా బయల్దేరారు. ఈ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. దక్షిణాన గోదావరి, దాని అవతల జగిత్యాల జిల్లా. ఇటు సదర్మాట్ ఆయకట్టు కింద వరి పొట్టకొస్తోంది. ఊరంతా పండుగలోకి నడుస్తుంటే మీరు మాత్రం షట్టరు సగం దించిన ఒక కిరాణం దుకాణంలోకి వంగి వెళ్తున్నారు.

లోపల మొదట తగిలేది వాసన. పసుపు, ఎండుమిర్చి, కొత్త సబ్బులు, గోనె బస్తలు అన్నీ కలిసిన వాసన. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి కదలడం లేదు. గల్లా దగ్గర సేటు లేడు, వెనక గదిలో సరుకు లెక్క చూస్తున్నాడు. గల్లా పక్కన కంప్యూటరు ముందు ఒక అమ్మాయి కూర్చుంది. ఆమెది మస్కాపూర్. డిగ్రీ అయ్యాక ఇక్కడ చేరింది, ఈ దుకాణం సాఫ్ట్‌వేరంతా ఆమె చేతిమీదే నడుస్తుంది. సాయంత్రం బతుకమ్మను పేర్చి, అమ్మకు అప్పగించి వచ్చింది. మోచేతి దగ్గర తంగేడు పుప్పొడి ఇంకా పసుపుపచ్చగా అంటుకుని ఉంది.

ఆమె ముందు రోటి రాయంత చిన్న లేబుల్ ప్రింటరు ఉంది. అది ఈ రాత్రి ఆగకుండా పనిచేయాలి. అర్ధరాత్రి దాటితే దేశమంతటా జీఎస్టీ రేట్లు మారిపోతాయి.

సెప్టెంబర్ 3న జరిగిన 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ఈ మార్పు తెచ్చింది. 12 శాతం, 28 శాతం మెట్లు దాదాపుగా పోయి, ఎక్కువ సరుకులు 5 లేదా 18లోకి వచ్చాయి. షాంపూ, తలనూనె, పళ్లపేస్టు, ఒంటి సబ్బు, బిస్కెట్లు, చాక్లెట్లు 18 నుంచి 5కు దిగాయి. నెయ్యి, వెన్న, మిక్చర్, బాదం, ఖర్జూరం 12 నుంచి 5కు వచ్చాయి. పిల్లల నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు మీద పన్నే లేదు. పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చిన ఈ మాటలన్నీ ఇప్పుడు ఈ దుకాణంలో ఒక్కో సరుకు దగ్గర, ఒక్కో గడిలో, ఒక్కో అంకెగా మారాలి. ఆ మార్చే వేళ్లు ఈ అమ్మాయివి.

ఆమె వెనక నిలబడి తెర మీదికి చూడండి. దీన్ని ఐటమ్ మాస్టర్ అంటారు. ఒక్కో వరుస ఒక్కో సరుకు. పేరు, నంబరు, సరుకు రకం తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడు, పన్ను, కొన్న ధర, ఎమ్మార్పీ, అమ్మే ధర. ఇంత చిన్న దుకాణంలోనూ వరుసలు కిందికి జరుగుతూనే ఉంటాయి.

సరుకు మోసే కుర్రాడు బిస్కెట్ల డబ్బా దించి ఆమె పక్కన నిలబడ్డాడు.

"అక్కా, సబ్బులన్నిటికీ ఒక్కటే కోడు గదా? 3401 కొట్టి అన్నిటికీ ఒక్కసారే అయిదు పెడితే అయిపోతది."

"కాదు తమ్మీ. ఒంటి సబ్బుకే తగ్గింది. బట్టల సబ్బు పద్దెనిమిదిలనే ఉన్నది. రెండిటికీ పైన నాలుగంకెలు ఒక్కటే. ఒక్కసారే కొడితే బట్టల సబ్బు గూడ అయిదుకు పోతది. రేపు సేటుకు పన్ను మీద పడ్తది."

ఆమె సబ్బులను రెండు గుంపులుగా విడదీస్తోంది. ఒక్కో పేరు చదువుతుంది, అనుమానం వస్తే కుర్రాణ్ని అరల దగ్గరికి పంపి రేపరు మీది అక్షరాలు చదివించుకుంటుంది. పైకి చూస్తే ఇది ఒకే బటన్‌తో అయిపోవాల్సిన పనిలా కనిపిస్తుంది. ఆమె ఆ బటన్ ముట్టుకోవడం లేదు. ఒక్కో వరుస దగ్గర ఆగి, కొత్త రేటు పక్కన ఎప్పటి నుంచి వర్తించాలో కూడా రాస్తోంది: 22-09-2025. ఆ తేదీ రాయకపోతే ఈ రాత్రే వేసే బిల్లులకు కూడా రేపటి పన్ను పడుతుంది.

ధర లెక్క ఆమె కాగితం మీద వేసి చూపిస్తుంది. 118 రూపాయల షాంపూ సీసాలో సరుకు విలువ 100, పన్ను 18. పాత ధరను 1.18తో భాగించి 1.05తో గుణిస్తే కొత్త ధర వస్తుంది. అంటే 105. పది రూపాయల బిస్కెట్ పాకెట్టుకు ఇదే లెక్క వేస్తే 8 రూపాయల 90 పైసలు తేలుతుంది. పైసల చిల్లర గల్లాలో ఎవరి దగ్గరా లేదు. అందుకే అలాంటి పాకెట్ల దగ్గర ఆమె ఆగి, కంపెనీ పంపిన కొత్త ధరల పట్టీ చూసి, అందులో ఉన్న అంకె ఎక్కిస్తోంది.

ఇక్కడే మీకు అసలు ప్రశ్న తడుతుంది. ధర మారింది కదా, పాకెట్టు మీది బార్‌కోడు మారాలా?

అక్కర్లేదు. ఒక షాంపూ సీసాను చేతిలోకి తీసుకోండి. గీతల కింద 13 అంకెలున్నాయి. 890తో మొదలవుతున్నాయి. ఆ కంపెనీ బార్‌కోడు నంబర్లిచ్చే జీఎస్‌1 ఇండియా దగ్గర నంబరు తీసుకుందని దానికి అర్థం. సరుకు ఇక్కడే తయారైందని అది చెప్పదు. ఆ 13 అంకెల్లో ధర లేదు, పన్ను లేదు, షాంపూ పేరు కూడా లేదు. ఉన్నది ఒక నంబరు మాత్రమే. స్కానరు ఆ నంబరును చదివి కంప్యూటరుకు ఇస్తుంది. కంప్యూటరు ఐటమ్ మాస్టర్‌లో ఆ వరుసను వెతికి, అక్కడ ఆమె రాసిన పేరునూ ధరనూ బిల్లు మీద వేస్తుంది. ఈ రాత్రి ఆమె మార్చేది ఆ వరుసలోని అంకెలనే. గీతలు అలాగే ఉంటాయి.

కంపెనీ పాకెట్ల మీద కొత్త ఎమ్మార్పీ వేసే వీలు తయారీదారుకు, ప్యాకరుకు, దిగుమతిదారుకు ఇచ్చారు. వినియోగదారుల వ్యవహారాల శాఖ సెప్టెంబర్ 9న ఇచ్చిన ఆదేశం ప్రకారం అమ్ముడుపోని పాత సరుకు మీద కొత్త ధర స్టిక్కరు గానీ ముద్ర గానీ వేయొచ్చు. పాత ధర మాత్రం కనిపిస్తూనే ఉండాలి, దాని మీద అంటించకూడదు. తొమ్మిది రోజుల తర్వాత ఆ స్టిక్కరు వేయడం తప్పనిసరి కాదన్నారు. అందువల్ల రేపు ఈ దుకాణంలో చాలా సీసాల మీద పాత ధరే ఉంటుంది, బిల్లులో కొత్త ధర పడుతుంది. కొనేవాడికి ఆ తేడా కనిపించాలంటే అర అంచున కొత్త ధర రాసిన చీటీ ఉండాలి. ఈ రాత్రి ప్రింటరు చేయాల్సిన మొదటి పని అదే.

రెండో పని ఇంకా ముఖ్యం. వెనక గదిలోకి రండి.

ఇక్కడ అవ్వ కూర్చుని ఉంది. ముందు ఎలక్ట్రానిక్ కాంటా, పక్కన ఖర్జూరం డబ్బా, బాదం సంచి, మిక్చర్ టిన్ను, తెరిచిన పప్పు బస్త. పెద్ద సరుకును చిన్న పొట్లాలుగా కట్టడం ఆమె పని. పిడికెడు తీసి పళ్లెంలో వేస్తుంది. కాంటా 496 చూపిస్తుంది. ఒక ఖర్జూరం వేస్తుంది. 503. కవరు మూతి అతికిస్తుంది. ఇలా కట్టిన పొట్లానికి 890 నంబరు లేదు. దీనికి ప్యాకరు ఈ దుకాణమే. పేరు, తూకం, నెల, ఎమ్మార్పీ, దుకాణం చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు — ఇవన్నీ లేబుల్ మీద ఉండాల్సిన బాధ్యత సేటుదే. నంబరు కూడా దుకాణమే ఇచ్చుకోవాలి.

అందుకోసం 20 నుంచి 29 వరకూ మొదలయ్యే నంబర్లను ప్రపంచమంతటా దుకాణాల సొంత వాడకానికి వదిలేశారు. ఇక్కడి 21తో మొదలయ్యే నంబరు జగిత్యాలలో మరో దుకాణంలో మరో సరుకు కావచ్చు, గొడవ లేదు, ఎందుకంటే అది ఈ నాలుగు గోడలు దాటి వెళ్లదు. అమ్మాయి పెట్టుకున్న పద్ధతి ఇది: ముందు 21. తర్వాత అయిదంకెలు సరుకు నంబరు. తర్వాత అయిదంకెలు గ్రాముల్లో తూకం. చివర ఒక తనిఖీ అంకె. ఖర్జూరం నంబరు 45. అర్ధకిలో పొట్లానికి 21, 00045, 00500.

ఆమె సాఫ్ట్‌వేరులో కొనుగోలు ఎంట్రీ తెరిచింది. పది కిలోల ఖర్జూరం. అర్ధకిలో పొట్లాలు ఇరవై అవుతాయి, కాబట్టి ఇరవై లేబుళ్లు. ఒక్కటి కూడా ఎక్కువ వద్దు అంటుంది. మిగిలిన లేబుల్ రేపు ఎవరి చేతికో దొరికి మరో పొట్లం మీద పడుతుంది. పాత ధర 112 వేసిన లేబుళ్ల చుట్టను ఆమె సాయంత్రమే ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. 100 రూపాయల ఖర్జూరానికి 12 శాతం పన్నుతో 112 అయ్యేది, రేపటి నుంచి 105.

ప్రింట్ నొక్కింది. ప్రింటరు కిర్రుమంది. మొదటి లేబుల్ బయటికొచ్చింది. కళ్లకు బాగానే ఉంది. స్కానరు పట్టింది. ఎర్ర వెలుగు గీతల మీద ఆడింది. చప్పుడు లేదు. దగ్గరగా, దూరంగా, ఏటవాలుగా పట్టింది. లేదు.

"ఏమాయె బిడ్డా?" సేటు వెనక నుంచి అడిగాడు.

"చదువుత లేదు కాకా. జర ఆగుండ్రి."

ఆ లేబుల్‌ను దీపం కిందికి తెచ్చి కళ్లు చికిలించి చూడండి. 13 అంకెల బార్‌కోడు వెడల్పును 95 సమానమైన సన్న పట్టీలుగా విభజిస్తారు. నల్లది ఒక పట్టీ మందం ఉండొచ్చు, రెండు, మూడు, నాలుగు కూడా ఉండొచ్చు. మధ్యలోని తెలుపుకీ అంతే. ఏది ఎన్ని పట్టీల మందమో కొలిచే స్కానరు అంకెను గుర్తుపడుతుంది. మొదటి అంకెకు ప్రత్యేకంగా గీతలే ఉండవు. ఎడమ సగంలోని ఆరు అంకెలను రెండు రకాల గీతల్లో ఏ క్రమంలో రాశారన్నదాన్ని బట్టి మొదటి అంకె తేలుతుంది. ఇక రెండు పక్కలా ఖాళీ తెలుపు ఉండాలి, ఎడమవైపు 11 పట్టీలంత, కుడివైపు 7 పట్టీలంత. ఆ ఖాళీ లేకపోతే గీతలు ఎక్కడ మొదలయ్యాయో స్కానరుకు తెలియదు. మొత్తం 113 పట్టీలు.

ఇప్పుడు ప్రింటరు వైపు చూడండి. ఇది 203 డీపీఐ యంత్రం. దాని తలలో ఒక మిల్లీమీటరుకు 8 వేడి చుక్కలున్నాయి. ఒక్కో చుక్క మిల్లీమీటరులో ఎనిమిదో వంతు, 0.125. చుక్కను సగం చేయడం దానికి చేతకాదు. సాఫ్ట్‌వేరు బార్‌కోడును ఒక బొమ్మగా గీసి, 38 మిల్లీమీటర్ల లేబుల్‌లో పట్టేలా కుదించి పంపింది. ఆ కుదింపులో ఒక్కో పట్టీ 0.264 మిల్లీమీటర్లు అయింది. అంటే రెండు చుక్కల కంటే కాస్త ఎక్కువ. ప్రింటరు ఏం చేసింది? కొన్ని పట్టీలకు రెండు చుక్కలు వేసింది, కొన్నిటికి మూడు. మీ కంటికి ఆ తేడా తెలియదు. స్కానరుకు మాత్రం ఒక పట్టీ మందమున్న గీత ఒకటిన్నరలా కనిపించి లెక్క చెదిరిపోయింది.

మీరు చెయ్యాల్సిందేమీ లేదు, ఆమె ఏం చేస్తుందో చూడండి. చిన్న రోలు తీసి, 50 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న రోలు ఎక్కించింది. లేబుల్ నమూనాలోకి వెళ్లి బార్‌కోడు బొమ్మను తీసేసింది. దాని చోట ప్రింటరుకు అర్థమయ్యే సొంత ఆజ్ఞ పెట్టింది. జీబ్రా యంత్రాలకు జెడ్‌పీఎల్, టీఎస్‌సీ యంత్రాలకు టీఎస్‌పీఎల్ అనే భాషలున్నాయి. బొమ్మ పంపకుండా "ఈ నంబరుకు ఈ రకం బార్‌కోడు వెయ్యి, ఒక్కో పట్టీకి మూడు చుక్కలు" అని చెబితే మిగతా లెక్క ప్రింటరే చూసుకుంటుంది. మూడు చుక్కలంటే 0.375 మిల్లీమీటర్లు. 113 పట్టీలకు 42 మిల్లీమీటర్ల పైచిలుకు. 50లో హాయిగా పడుతుంది, పక్కల ఖాళీ కూడా మిగులుతుంది. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ ఎస్‌ఏపీ అనే సాఫ్ట్‌వేరు నుంచి వేసే లేబుళ్లకైనా, ఖానాపూర్‌లో కిరాణం సాఫ్ట్‌వేరు నుంచి వేసే లేబుళ్లకైనా ఈ లెక్క ఒకటే. నమోదు ఒక చోట, నమూనా ఒక చోట, ప్రింటరుకు ఇచ్చే ఆజ్ఞ ఒక చోట. మూడూ కుదిరితేనే గీత నిలుస్తుంది.

రోలు మారింది కాబట్టి లేబుల్‌కూ లేబుల్‌కూ మధ్య సందు ఎక్కడుందో ప్రింటరుకు కొత్తగా నేర్పాలి. ఫీడ్ బటన్ నొక్కిపట్టింది. ఖాళీ లేబుళ్లు కొన్ని జరజరా జారి ఆగాయి. రిబ్బన్ మూత తెరిచి, తలను మెత్తటి గుడ్డతో, స్పిరిట్‌తో తుడిచింది. ఆ తల మీద ఒక్క పసుపు నలుసు చేరినా లేబుల్ పొడవునా సన్నని తెల్లచార పడుతుంది. అది నల్లగీత మీద పడితే ఆ గీతే మాయమవుతుంది.

రిబ్బన్ ఎందుకు, వేడికి నల్లబడే కాగితం చవక కదా అని మీకు అనిపించవచ్చు. బిల్లుకు వాడేది ఆ కాగితమే. కానీ ఇక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. కిటికీ పక్క అరలో ఉన్న అలాంటి లేబుల్ మసకబారుతుంది. ఖర్జూరం జిగట, కారం నూనె తగిలినా పాడవుతుంది. రిబ్బన్‌తో వేసిన నలుపు ఎక్కువ కాలం నిలుస్తుంది.

రెండోసారి ప్రింట్. స్కానరు. బీప్.

వెనక గదిలో అవ్వ తలెత్తింది. కుర్రాడు చప్పట్లు కొట్టాడు. అమ్మాయి మాత్రం నవ్వలేదు. లేబుల్ పైభాగం చూస్తోంది. అక్కడ ఖర్జూరం అన్న మాట విరిగిపోయింది. ర, పక్కన పొల్లు, పక్కన జ, పక్కన దీర్ఘం, ఎవరికి వారు విడివిడిగా నిలబడ్డారు. బార్‌కోడుతో పాటు పేరును కూడా ఆమె ప్రింటరు ఆజ్ఞగా పంపింది. దాని సొంత అక్షరాల్లో తెలుగు ఒత్తులు కూర్చే తెలివి లేదు. ఆమె పేరు గడిని మళ్లీ బొమ్మగా మార్చింది. ఇప్పుడు తెలుగు కంప్యూటరులో కుదురుగా కూర్చబడి బొమ్మగా వెళ్తుంది, గీతలు ఆజ్ఞగా వెళ్తాయి. గీతలకు ఏది చేటో అక్షరాలకు అది మేలు.

"ఇంగ్లీషుల పెట్టెయ్యి బిడ్డా, తొందరగా అయితది," అన్నాడు సేటు.

"వద్దు కాకా. అవ్వ ఏది చూసి అంటిస్తది?"

సేటు మారు మాట్లాడలేదు. ఆ ఒక్క మాటలో ఈ పనికంతటికీ ఉన్న అర్థం ఉంది. లేబుల్‌ను యంత్రం ఒక్కటే చదవదు. పొట్లం కట్టే అవ్వ చదువుతుంది, అర సర్దే కుర్రాడు చదువుతాడు, కూలి చేసుకుని వచ్చి బిడ్డకు ఖర్జూరం కొనే తల్లి చదువుతుంది. యంత్రం చదివేదాన్ని మనిషి కూడా చదవగలిగితేనే తప్పు బయటపడుతుంది.

తప్పు ఎలా వస్తుందో ఆమె మీకు చూపిస్తుంది. ఒక కాగితం మీద 12 అంకెలు రాసింది: 210004500500. ఎడమ నుంచి ఒకటి, మూడు, అయిదు ఇలా బేసి స్థానాల్లో ఉన్న అంకెలు కూడమంది. 2, 0, 0, 5, 0, 0. ఏడు. సరి స్థానాల్లో ఉన్నవి కూడి మూడుతో హెచ్చించమంది. 1, 0, 4, 0, 5, 0. పది, మూడు పదులు ముప్పై. మొత్తం 37. పై పదికి, అంటే 40కి ఎంత కావాలి? మూడు. అదే 13వ అంకె. పూర్తి నంబరు 2100045005003.

ఇప్పుడు లేబుల్ చెరిగిపోయి, గల్లాలో ఎవరో నంబరును చేత్తో కొట్టారనుకోండి. 45 బదులు 54 కొడితే? మొత్తం 39 అవుతుంది, చివరి అంకె 1 రావాలి. 3 ఉంది కాబట్టి కంప్యూటరు ఒప్పుకోదు. తనిఖీ అంకె కాపాడింది.

"ఇగ ఇది చూడుండ్రి," అంటూ ఆమె తూకం గడిలో 00500 కొట్టేసి 00050 రాసింది. బేసి స్థానాలు కూడండి: 2, 0, 0, 5, 0, 5. పన్నెండు. సరి స్థానాలు: 1, 0, 4, 0, 0, 0. అయిదు, మూడు అయిదులు పదిహేను. మొత్తం 27. చివరి అంకె మళ్లీ మూడే. 05000 రాసి చూడండి. అప్పుడూ మూడే. అంటే అర్ధకిలో పొట్లాన్ని 50 గ్రాములని కొట్టినా, 5 కిలోలని కొట్టినా తనిఖీ అంకె నోరు మెదపదు. అయిదు ఒక స్థానం జరిగితే మొత్తంలో తేడా సరిగ్గా పది వస్తుంది, పది తేడా ఈ లెక్కకు కనిపించదు. ఇది యంత్రం లోపం కాదు, ఈ పద్ధతి పుట్టుకలోనే ఉన్న హద్దు. పక్కపక్కన ఉన్న రెండు అంకెల మధ్య తేడా అయిదైతే, అవి తారుమారైనా పట్టుకోలేదు.

పేదింటి తల్లి 50 గ్రాములు కొని 500 గ్రాముల డబ్బు కట్టినా, సేటు 5 కిలోలు ఇచ్చి అర్ధకిలో డబ్బు తీసుకున్నా కంప్యూటరు సరే అంటుంది. ఆ తప్పును ఆపేవి రెండే. ఒకటి, చేత్తో కొట్టాల్సిన అవసరం రాకుండా చెరగని లేబుల్. రెండు, పొట్లం బరువు చేతికి తెలిసిన మనిషి.

ఆ రెండోదాన్ని మీరు ఇప్పుడే చూస్తారు. ఆమె కావాలనే 00050 అని ఒక బిల్లు వేసి అవ్వకు ఇచ్చింది. అవ్వ బిల్లు మీది పేరు కూడబలుక్కుని చదివింది. తూకం చూసింది. పక్కనున్న పొట్లాన్ని చేత్తో ఎత్తింది.

"ఇది యాభై గ్రాములెట్ల అయితది బిడ్డా? గిది అర్ధకిలో. గీతలు నాకు ఎర్క లేవు గని తూకం ఎర్కనే."

అమ్మాయి నవ్వింది. ఈ రాత్రి మొదటిసారి. ఆ తర్వాత సాఫ్ట్‌వేరులో ఒక హద్దు పెట్టింది: ఖర్జూరం పొట్లం 100 గ్రాముల కంటే తక్కువైనా, 2 కిలోల కంటే ఎక్కువైనా బిల్లు ఆగి, గల్లాలో ఉన్నవాళ్లను అడగాలి. అవ్వ చేతికి తెలిసిన సంగతి ఇప్పుడు యంత్రానికీ కొంత తెలిసింది.

బయట పాట దగ్గరపడుతోంది. బతుకమ్మలను నీళ్లలో వదిలి ఆడవాళ్లు తిరిగొస్తున్నారు. వాళ్ల మాటలు షట్టరు సందులోంచి వినిపిస్తున్నాయి. లోపల లేబుళ్లు టపటపా పడుతున్నాయి. కుర్రాడు అర అంచున కొత్త ధరల చీటీలు అతికిస్తున్నాడు. అతికించే ముందు ప్రతి చీటీనీ స్కాన్ చేసి, తెర మీద వచ్చిన పేరునూ అరలో ఉన్న సరుకునూ పోల్చి చూడాలని అమ్మాయి నియమం పెట్టింది. ఒక చోట తలనూనె చీటీ పళ్లపేస్టు కింద పడబోయింది. ఆ నియమం వల్లే దొరికింది.

ఈ గీతల కథ ఎక్కడ మొదలైందో వినడానికి ఇది మంచి సమయం, ఎందుకంటే చేతులు పనిలో ఉన్నాయి, చెవులు ఖాళీగా ఉన్నాయి. అమెరికాలో జోసెఫ్ వుడ్‌ల్యాండ్ అనే యువకుడు మయామీ బీచ్ ఇసుకలో కూర్చుని, టెలిగ్రాఫ్ మోర్స్ కోడులోని చుక్కలనూ గీతలనూ వేలితో కిందికి సాగదీశాడు. ఆకిట్లో మన ఆడవాళ్లు చుక్క నుంచి ముగ్గు పిండి లాగినట్టే. అలా సాగిన సన్న గీతలు, మందపు గీతలే బార్‌కోడు ఆలోచన. స్నేహితుడు బెర్నార్డ్ సిల్వర్‌తో కలిసి 1949లో దరఖాస్తు పెడితే 1952 అక్టోబర్ 7న పేటెంటు వచ్చింది. దుకాణాల్లోకి రావడానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊళ్లో మార్ష్ సూపర్‌మార్కెట్ గల్లా మీద మొదటిసారి ఒక చూయింగ్ గమ్ పాకెట్టు స్కాన్ అయింది. ధర 67 సెంట్లు. ట్రాయ్ కూడా మహానగరం కాదు, చిన్న ఊరే. ఆ రోజు బీప్ వినిపించడానికి ముందు ఆ దుకాణంలోనూ ఎవరో కూర్చుని ఒక్కో సరుకు నంబరూ, ధరా ఎక్కించి ఉండాలి. అది చేయకుండా ఆ యంత్రం 67 అనే అంకెను ఎక్కడి నుంచీ తేలేదు.

పదకొండు దాటింది. ఆమె చివరి పని చేస్తోంది. పాత రేట్లతో ఉన్న మొత్తం సమాచారాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తి సేటు చేతికిచ్చింది. రేపు ఎవరైనా పాత బిల్లు పట్టుకుని సరుకు వాపసు తెస్తే పాత పన్ను లెక్క దొరకాలి. తర్వాత ఉత్తుత్తి బిల్లు ఒకటి వేసింది. ఒక షాంపూ, ఒక బట్టల సబ్బు, ఒక నోటుబుక్కు, ఒక ఖర్జూరం పొట్లం. తేదీ మారగానే ఏం జరుగుతుందో చూడాలి. గడియారం 12 దాటింది. మళ్లీ అదే బిల్లు. షాంపూ 118 నుంచి 105కు దిగింది. బట్టల సబ్బు కదల్లేదు. నోటుబుక్కు మీద పన్ను సున్నా. ఖర్జూరం 105. సేటు కళ్లద్దాలు పైకి తోసి నాలుగు వరుసలూ వేలితో చూపుతూ చదివాడు.

"మంచిగున్నది బిడ్డా. రేపు జర ఆలస్యంగ రా."

"లేదు కాకా, పొద్దుగాల్నే వస్త. మొదటి బిల్లు నేను చూడాలె."

సోమవారం పొద్దున మీరు మళ్లీ అక్కడే నిలబడి ఉన్నారు. నవరాత్రుల మొదటి రోజు. బాదన్‌కుర్తి వైపు నుంచి వచ్చిన ఒక అక్క సరుకు గల్లా మీద పెట్టింది. బీప్. బీప్. ఆమె సీసా మీది 118 చూపించి అడిగింది, తగ్గిందంటున్నరు గదా, ఏదీ? అమ్మాయి తెరను ఆమె వైపు తిప్పి, 105 చూపించి, అర అంచున చీటీ కూడా చూపించింది. ఆ అక్క బిల్లును మడవకుండా వరుస వరుసా చదివింది. చదివి, లెక్క చూసుకుని, డబ్బిచ్చింది.

దేశంలో పన్ను తగ్గింది ఢిల్లీలో జరిగిన సమావేశంలో. అది మనుషుల చేతికి అందింది ఇలాంటి గల్లాల దగ్గర, ఆ రాత్రి నిద్ర మానుకుని ఒక్కో వరుస సరిచేసిన వేల మంది వల్ల. వాళ్లలో చాలామంది చిన్న జీతానికి పనిచేసే ఆడపిల్లలు, డిగ్రీ చదివిన కుర్రాళ్లు. వాళ్లను మనం కంప్యూటరు ఆపరేటరు అని ఒక్క మాటతో సరిపెడతాం. వాళ్లు చేసే పనిలో పన్ను చట్టం ఉంది, గణితం ఉంది, తెలుగు ఉంది, కొనేవాళ్ల మీద గౌరవం ఉంది. గీతలకు సొంత నిజం లేదు, వాళ్లు ఎక్కించిందే వాటి నిజం.

అందుకే దుకాణదారులకు చెప్పాల్సింది సూటిగా చెప్పాలి. ధరలు మారే రోజు ముందు ఆ మనిషికి తొందర పెట్టని సమయం ఇవ్వండి. లేబుళ్లన్నీ వేసే ముందు ఒక్కటి వేసి స్కాన్ చేసి చూసుకునే కాగితం, రిబ్బను వృథా అనుకోకండి. పొట్లం కట్టే అవ్వ చదవగలిగేలా సరుకు పేరు తెలుగులో ఉంచండి, ఆమె అనుమానపడితే ఆగి వినండి. కొనేవాళ్లు బిల్లు అక్కడే చదవాలి, తూకం, ధర చూడాలి, తేడా ఉంటే అడగాలి. అడిగినప్పుడు తెరను వాళ్ల వైపు తిప్పి చూపించే దుకాణమే నమ్మదగ్గ దుకాణం.